ఒంటికాలి హంస మీద కడుపుమంట

నేను ఒక అంకెల పెట్టెను. ఎర్ర దీపాలతో నంబర్లు చూపించే రకం. ఆసుపత్రుల్లో, బ్యాంకుల్లో గోడకు తగిలించి ఉంటుంది చూడండి, మీ టోకెను వచ్చిందా లేదా అని మెడలు సాచి చూస్తుంటారే, ఆ జాతి. అయితే నన్ను ఆ గుంపులో కలిపెయ్యకండి. ఒకే ఒక్క పగటిపూట లక్షా పాతికవేలు దాటించిన పెట్టెను నేను. అదీ ఉగాది నాడు. పొద్దున పచ్చడి నాలిక్కి తగిలిన వేళకు మొదలుపెట్టి, సాయంత్రం పంచాంగ శ్రవణం ముగిసే లోపల లక్షా పాతికవేలు! నా అంకెలు మారిన వేగానికి గాలి పుట్టి, ఎదురింటి అరుగు మీద ఆరబెట్టిన అప్పడాలు ఎగిరి మూడో ఇంటి పెంకుల మీద పడ్డాయి. నమ్మని వాళ్ళు వెళ్ళి ఆ పెంకుల్ని అడగవచ్చు.

ముందు నా పుట్టుక సంగతి వినండి. మద్రాసులో, ఎదురుగా ఇద్దరు మనుషులు వస్తే ఒకరు గోడకు అతుక్కోవలసినంత సన్నని సందులో నన్ను చేశారు. అంకె ఒక్కొక్కటీ ఒక్కో గడిలో కూర్చుంటుంది. గడికి ఏడు దీపపు పుల్లలు. ఏడూ వెలిగితే ఎనిమిది, నడుమ అడ్డపుల్ల ఒక్కటి ఆరితే సున్నా. అంటే ఎనిమిదికీ సున్నాకీ మధ్య ఒక్క పుల్లే తేడా. ఇది గుర్తుంచుకోండి, ముందుముందు దీంతో పనుంది. కుడిచేతి మూలన ఇంకో చిన్న చుక్క ఉంది. సెకనుకు ఒకసారి మినుకుమంటుంది. పెట్టె బతికే ఉందని తెలియడానికి పెట్టారట. మనుషులకు ఇలాంటిది ఎందుకు పెట్టలేదో నాకు తెలియదు.

నా మొదటి యజమాని నెల్లూరులో ఒక డాక్టరు. టోకెను నంబరు చూపించడం నా ఉద్యోగం. ఆయన కాంపౌండరు గడుసువాడు. పొద్దున తలుపు తీయగానే మొదటి రోగికి ఇచ్చే టోకెను ఇరవై ఒకటి. "అప్పుడే ఇరవై మంది అయిపోయారా! హస్తవాసి గల డాక్టరురా" అనుకుంటూ జనం బెంచీ మీద సర్దుకుని కూర్చునేవాళ్ళు. అంకె పెద్దదైతే మనుషులకు నమ్మకం పెరుగుతుందని, ఆ అంకె ఎలా పుట్టిందో ఎవరూ అడగరని అక్కడే నేర్చుకున్నాను. అసూయ కూడా అక్కడే నేర్చుకున్నాను. రోడ్డుకు అవతల ఇంకో డాక్టరు ఉండేవాడు. ఆయన గోడ మీద పెట్టె నాకు కిటికీలోంచి కనబడేది. నేను ముప్పై చూపిస్తుంటే అది యాభై చూపించేది. నా కడుపులో ఉన్నవి నాలుగు తీగలూ ఒక ట్రాన్స్‌ఫార్మరూ. అయినా కడుపుమంట కడుపుమంటే కదా! ఒకనాడు మా డాక్టరు మాట్లాడే పెట్టెను కొనితెచ్చాడు. అది ఆడగొంతుతో "టోకెన్ నంబర్ ఇరవై రెండు" అని తీపిగా పిలిచేది. నన్ను పాత ఇనుము కొట్టుకు పంపేశారు. పిలిచే వాళ్ళుంటే చూపించే వాళ్ళెందుకు?

ఆ కొట్టులో తుప్పు పట్టిన తూకపు రాళ్ళ పక్కన మూడేళ్ళు పడుకున్నాక, వెంకటగిరి నుంచి చెంగల్రాయుడు వచ్చి నన్ను ఎత్తుకుపోయాడు.

చెంగల్రాయుడికి మగ్గాల వీధి మొగదల జిరాక్సు కొట్టు ఉంది. అంతకుముందు చీరల డిజైన్లకు గ్రాఫ్ కాగితం మీద గళ్ళు నింపేవాడు. చీర అంచు మీద మీకు కనిపించే హంస పుట్టాలంటే ముందు కాగితం మీద వేల గళ్ళలో ఏది నింపాలో ఏది వదలాలో ఒకడు కూర్చుని గుర్తు పెట్టాలి. దాన్నిబట్టి అట్టలకు చిల్లులు కొడతారు, ఆ చిల్లులు చెప్పినట్టు మగ్గం మీద పోగులు లేస్తాయి. ఆ గళ్ళు నింపీ నింపీ నలభై ఏళ్ళకే రాయుడికి చత్వారం వచ్చింది. "ఈ గళ్ళు కంప్యూటరు నింపితే పోలా!" అనుకుని, జిరాక్సు కొట్టులో బేరం లేని పూటల్లో తనే నేర్చుకుని, మూడేళ్ళు కుస్తీ పట్టి ఒక సాఫ్ట్‌వేర్ రాశాడు. అక్షరాలన్నీ తెలుగే. ఇంటర్నెట్టు లేకపోయినా నడుస్తుంది. పైగా అది ఓపెన్ సోర్స్. అంటే ఏమిటని రాయుణ్ణి అడిగితే ఇలా చెప్పేవాడు: "చీర ఇచ్చేది కాదు, చీరతో పాటు గ్రాఫూ అట్టలూ ఇచ్చేసి, నీకు నచ్చినట్టు మార్చి నేసుకోబ్బా, మార్చినాక ఇంకొకరికి ఇయ్యి అనేది."

దానికి పేరు పెట్టేటప్పుడు మాత్రం ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. నేతగాడికి పడుగు ఎంతో పేక అంత. నిలువు పోగులు పడుగు, అడ్డపోగులు పేక. అందుకని "పేక" అని పెట్టాడు. నేతగాళ్ళ వీధిలో పుట్టి పెరిగినవాడికి ఆ మాటకు ఇంకో అర్థం ఉందని తట్టలేదు.

నన్ను తెచ్చి కొట్టు గుమ్మం మీద మేకుకు తగిలించి, నా వీపున బొటనవేలంత చిప్పు పెట్టి ఇంటర్నెట్టు వైరు కలిపాడు. ప్రపంచంలో ఎక్కడ ఎవరు "పేక"ను దించుకున్నా నా అంకె ఒకటి పెరగాలి. మొదటి వారం మూడు. రెండో వారం నాలుగు. ఆ నాలుగు కూడా రాయుడే సరిగ్గా పనిచేస్తోందా లేదా అని తన ఫోనులో దించి చూసుకున్నది. పక్కన జిరాక్సు మిషను మీద రోజూ ఐదొందల కాపీలు అని అంకె పడుతుంటే నేను నాలుగు మీద నిలబడి ఉండేవాణ్ణి. దాని ముఖం చూడాలంటే నాకు అవమానంగా ఉండేది. అది పరీక్షల కాలంలో వెయ్యి దాటినప్పుడల్లా కాగితం ఇరుక్కోవాలని ఉన్న ముప్పై మూడు కోట్ల దేవతలకూ మొక్కాను. రెండుసార్లు ఇరుక్కుంది కూడా.

అప్పుడొచ్చింది ఆ ఉగాది.

పొద్దున ఎనిమిదికి కదలడం మొదలైంది. పది, నలభై, వంద, మూడొందలు. చెంగల్రాయుడు బయట స్టూలు వేసుకుని నన్నే చూస్తూ కూర్చున్నాడు. వీధిలో వాళ్ళందర్నీ పిలిచి చూపించాడు. సాయంత్రానికి అందరికీ బొబ్బట్లు పంచాడు. ఎదురింటి పోలమ్మక్క, ఆ వీధిలో అందరికంటే సన్నని నేత నేసే మనిషి, బొబ్బట్టు తింటూ అడిగింది.

"ఇంతమంది నేతగాళ్ళు యాడుండారు రాయుడా? మన ఈదిలో చూస్తే మగ్గాలు ఆగిపోతా ఉండాయి."

"కోయంబత్తూరు, బెనారసు, ఎన్నుండాయి అక్కా!"

"బెనారసోళ్ళకి తెలుగొస్తాదా?"

ఆ ప్రశ్న రాయుడి చెవికి ఎక్కలేదు. మరునాడు ఉత్తరాలు వచ్చాయి, కంప్యూటర్లోకి. "అన్నా, ముక్కలు యాడుండాయి?" "జోకరు పడడం లేదు, సరిచేయండి." "ఇందులో పదమూడు ముక్కలాట ఉందా, మూడు ముక్కలేనా?" "అన్నీ గళ్ళే కనబడతన్నాయి, ఇదేం ఆట?" ఉగాది పూట చేతికి ముక్క తగలకపోతే తోచని రకం జనమంతా "పేక" అని వెతికి, దొరికిందని దించుకుని, తెరిచి, తిట్టుకుని, తీసిపారేశారన్నమాట. ఒకాయనైతే గళ్ళు నింపితే ముక్కలు పడతాయేమోనని గంటసేపు నింపి, తెలియకుండానే నెమలి బొమ్మ వేసి పంపించాడు. బాగానే వచ్చింది నెమలి.

ఆగండాగండి. మీలో ఎవరో వేలెత్తుతున్నారు. లక్షా పాతికవేలు అన్నాను కదూ? అన్నాను. కానీ నాకున్నవి నాలుగే గళ్ళు స్వామీ! తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభైతొమ్మిది దాటితే నేను మళ్ళీ సున్నా. లక్షను ఎక్కడ కూర్చోబెట్టను, నెత్తి మీదా? ఆనాడు పడిన లెక్క వెయ్యిన్ని రెండువందల పధ్నాలుగు. అప్పడాలు ఎగిరిన మాట మాత్రం నిజం. పోలమ్మక్క మనవరాలి ఫ్యాను గాలికి.

మనుషుల్లో ఇంకెవరైనా అయితే ఆ వెయ్యిన్నీ అలాగే ఉంచుకునేవారు. చెంగల్రాయుడు మా కాంపౌండరు బడిలో చదవలేదు. నన్ను గోడ మీంచి దించి లెక్క సున్నా చేశాడు. పేజీ పైన "ఇది నేత డిజైన్లకు, ఆటకు కాదు" అని పెద్ద అక్షరాలతో రాశాడు. నా కడుపు ఎంత మండిందంటే, దించినవాడి చేతికి నా ట్రాన్స్‌ఫార్మరు చురుక్కుమంది. సున్నా, సున్నా, సున్నా, సున్నా. ఆ నాలుగు సున్నాలూ మోసుకుంటూ గుమ్మం మీద నిలబడడం ఎంత సిగ్గో మీకు తెలియదు. ఆ తర్వాత ఆరు నెలలకు నేను చేరిన అంకె నలభై ఏడు.

ఆ ఆరో నెలలోనే రెండు సంగతులు తెలిశాయి. జిల్లాలో చేనేత నేర్పే ఒక శిక్షణ కేంద్రం ఉంది. వాళ్ళు ఏదో ఒక డిజైను సాఫ్ట్‌వేరును ఎంచుకుని తమ క్లాసులన్నిట్లో అదే నేర్పుతారట. రాయుడు కూడా దరఖాస్తు పెట్టాడు. రెండో సంగతి, "పేక"కు పోటీగా "డిజైన్ దర్బార్" అనేది ఒకటి ఉంది. ఏదో కాలేజీ వాళ్ళు చేసింది. అదీ ఓపెన్ సోర్సే. అక్షరాలు ఇంగ్లీషు, ఇంటర్నెట్టు లేకపోతే తెరుచుకోదు. కానీ దానికి నాలుగువేల మూడువందల చుక్కలు ఉన్నాయి. సాఫ్ట్‌వేరు పేజీలో నచ్చినవాళ్ళు నొక్కే నక్షత్రం గుర్తు అది. ఎన్ని నక్షత్రాలుంటే అంత గొప్ప.

పోలమ్మక్క జిరాక్సుకు వచ్చినప్పుడు రాయుడు ఇదంతా చెప్పాడు.

"చుక్క నొక్కితే ఏమొస్తాది?" అంది ఆమె.

"ఏం రాదక్కా. బాగుందని గుర్తు."

"వాడి చూసినాక నొక్కేదా, వాడకముందే నొక్కొచ్చా?"

"ముందే నొక్కొచ్చు."

"అట్టయితే అది చుక్క కాదు, ఓటు."

"దానికి ఫోర్కులు కూడా రెండొందలుండాయి అక్కా. అంటే దాన్ని కాపీ చేసుకోని సొంతంగా మార్చుకున్నోళ్ళు."

"రెండొందల ఫోర్కులా? ఏం, పెండ్లి బోజనాలా?"

రాయుడు నవ్వలేదు. "ఆ కేంద్రమోళ్ళు 'పేక'ను తీసుకోకపోతే పేజీ మూసేస్తానక్కా" అన్నాడు. "ఎవురూ రాని గుడికి రోజూ దీపం పెట్టినట్టుండాది. ఆపేస్తా."

నాకు భయం వేసింది. పేజీ మూస్తే నేను మళ్ళీ తూకపు రాళ్ళ పక్కకే. భయం కంటే ముందు ఆ చుక్కల మీద ఈర్ష్య వేసింది. పగలే చుక్కలు చూపించడం అంటే ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. నా ఒంటి మీద ఉన్నది ఒక్క చుక్క. అదీ ఊరికే మినుకుమంటుంది, ఎవడూ నొక్కడు. దానికేమో నాలుగువేల మూడువందలు! ఆ చుక్కలన్నీ రాలిపోవాలని, ఆ కాలేజీకి కరెంటు పోవాలని, దర్బారు దుమ్ము పట్టిపోవాలని తిట్టుకున్నాను. పోలమ్మక్క తిట్టే తిట్లన్నీ నాకు వచ్చు. గుమ్మం మీద ఉండేవాడికి రానిదేముంది?

శిక్షణ కేంద్రం నుంచి హరగోపాలం గారు అనే ఆఫీసరు ఒక మంగళవారం పొద్దున్నే వచ్చాడు. గోదావరి వైపు మనిషి, నిదానస్తుడు. చేతిలో బట్టల కొట్టు సంచి, చంకలో ఫైలు. ఫైల్లో ఒక ఫారం. అందులో "జనాదరణ (అంకెలలో)" అని నాలుగు గళ్ళ ఖాళీ. నాలుగే గళ్ళు! నా కోసమే అచ్చు వేసినట్టుంది. ఆయన తలెత్తి నన్ను చూశాడు.

ఇక్కడ జరిగింది జాగ్రత్తగా వినండి. నేను చూపించవలసింది సున్నా సున్నా నలభై ఏడు. ఆయన కళ్ళు నా మీద పడిన క్షణాన, నాలుగువేల మూడువందల చుక్కలూ నా కళ్ళ ముందు తిరిగాయి. ఎక్కడో లోపల మంట రగిలింది. ఆ మంటకు మొదటి రెండు గళ్ళలో ఆరిపోయి ఉండవలసిన నడుమ పుల్లలు భగ్గుమని వెలిగాయి. రెండు సున్నాలూ రెండు ఎనిమిదులయ్యాయి. ఎనిమిదివేల ఎనిమిదివందల నలభై ఏడు! నా వెనక బల్లి ఒకటి తోక తీగల మధ్య పెట్టి నిద్రపోతోందని, తీగలు కలిసింది దానివల్లేనని తర్వాత కొందరన్నారు. అననివ్వండి. బల్లికి అసూయ ఉంటుందా?

"అబ్బో!" అన్నాడు హరగోపాలం గారు. "ఎనిమిదివేల ఎనిమిదొందలండీ! బయల్దేరేటప్పుడు మా పైవాళ్ళు ఆ దర్బారు వాళ్ళది నాలుగువేలని చెప్పారు. మీది దానికి రెట్టింపు పైనే ఉందే!" ఫారం తెరిచి, నాలుగు గళ్ళలో నాలుగంకెలూ పెన్నుతో రాసేశాడు.

చెంగల్రాయుడు ఒక్క క్షణం కూడా ఆగలేదు. "సార్, అది తప్పు సార్. మిషను చెడిపోయినట్టుండాది. నలభై ఏడే సార్. అందులో పదకొండు నేనే దించుకున్యా" అని చెప్పేశాడు. ఆయన పెన్ను గాలిలో ఆగిపోయింది. నా నడుమ పుల్లలు సిగ్గుతో ఇంకా ఎర్రబడ్డాయి.

"నలభై ఏడా?" అన్నాడాయన. "మరి ఇది ఎవరు వాడుతున్నారండీ?"

జవాబు వీధికి అవతలి నుంచి వచ్చింది, కొంగు బొడ్లో దోపుకుని, చేతిలో చీర పట్టుకుని.

"ఒరే రాయుడా! నా హంస కాలు యాడ పెట్టినావురా?"

పోలమ్మక్క ఆఫీసరును చూడలేదు. చీర తెచ్చి జిరాక్సు మిషను మీద పరిచింది. అంచు పొడవునా హంసలు. ముక్కులో పూరెమ్మ, తల మీద కిరీటం, ముచ్చటగా ఉన్నాయి. అన్నిటికీ ఒకటే కాలు.

"పెండ్లి చీరంట. కుంటి హంస మాకొద్దని షావుకారు ఎనక్కి కొట్టినాడు. ఇరవై దినాలు నేసినారా! నీ చేతులు పడిపోనూ, కాళ్ళు రెండని నీకు తెల్దా? నీకెన్నుండాయి?"

"అక్కా, ఇది... ఇది మొదట్నించీ ఇట్నే ఉండాదా?"

"నువ్వు ఇచ్చిన కాడ్నించీ ఒక కాలే. కంప్యూటరు ఏసింది గదా, ఏదో లెక్క ఉంటాదిలే అనుకోని అందరం అట్నే నేస్తా ఉండాం."

"అందరూ అంటే?"

"అందరూ అంటే అందరూ! నువ్వు మా చిన్నాయనకి ఏసిచ్చినావే, ఆయన కాడ్నించి పెన్‌డ్రైవులో నేను పోసుకున్యా, నా కాడ్నించి మా వదిన, మా వదిన కాడ్నించి వాళ్ళ వియ్యపోళ్ళు, వాళ్ళ కాడ్నించి ఆ పక్క ఈదంతా."

"మరి ఎవురూ పేజీలోంచి దించుకోలేదే!"

"దించుకోను అదేమన్నా నెత్తిన కట్టెల మోపా?"

హరగోపాలం గారు ఇదంతా విని, మెల్లగా తన సంచి తెరిచాడు. ఆ పొద్దునే బస్టాండు దగ్గర కొట్టులో భార్య కోసం కొన్న చీర అందులో ఉంది. మడత విప్పి పోలమ్మక్క చీర పక్కన పరిచాడు. రంగు వేరు, కిరీటం లేదు, ముక్కులో పూరెమ్మకు బదులు ముత్యాలసరం. కాలు మాత్రం ఒక్కటే.

"కొట్టాయన వేరే చెప్పాడండీ," అన్నాడు ఆఫీసరు. "రాజుల కాలంనాటి డిజైనంట. హంస ఒంటికాలి మీద తపస్సు చేస్తోందంట."

"తపస్సు కాదు సార్, తప్పు," అన్నాడు చెంగల్రాయుడు. "నమూనా హంసను నేనే ఏసినా. పదిహేడో వరసలో గళ్ళు నింపేటప్పుడు కండ్లు మసకలేసి ఒక కాలు మరిచిపోయినా. ముక్కు, కిరీటం, రంగులు ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు మార్చుకున్యారు. కాలి జోలికి మాత్రం ఎవురూ పోలా."

హరగోపాలం గారు ఫారం మూసి, "పదండి, హంసల్ని లెక్కపెడదాం" అన్నాడు.

నేను గోడకు ఉన్నవాణ్ణి, వెళ్ళలేదు. లెక్కపెట్టే పెట్టెను ఇంటి దగ్గర వదిలేసి లెక్కపెట్టడానికి వెళ్ళారు, ఆ అవమానం ఎవరితో చెప్పుకోను! మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చి పోలమ్మక్క వీధికంతా వినబడేలా చెబితే తెలిసింది. రెండు వీధుల్లో మగ్గం మీద హంస ఉన్న ఇళ్ళు ముప్పై ఎనిమిది. ముప్పై మూడింట్లో హంసకు ఒకటే కాలు. మిగిలిన ఐదిళ్ళలో పాత గ్రాఫు కాగితాలు. "డిజైన్ దర్బార్" పేరు తెలిసినవాడు ఒక్కడు దొరికాడట, ఆ కాలేజీలో చదివే కుర్రాడు. చుక్క నొక్కితేనే మార్కులు వేస్తామన్నారట, నొక్కాడట. ఎప్పుడైనా తెరిచావా అంటే లేదన్నాడు. వాళ్ళమ్మ మగ్గం మీద మాత్రం ఒంటికాలి హంస సగం నేసి ఉంది.

ఆఫీసరు ఎనిమిదివేల ఎనిమిదివందల నలభై ఏడును కొట్టేసి, పక్కన నలభై ఏడు వేసి, "ఇతర వివరాలు" అన్నచోట "ఒంటికాలి హంసలు, ముప్పై మూడు" అని రాశాడు. పైనుంచి వెంటనే తాఖీదు వచ్చింది: "హంసలు అనగా ఏమి? వివరించగలరు." ఆయన తన భార్య చీర ఫోటో జతపరిచి, "వాడనివాడు చుక్క నొక్కగలడు గానీ, వాడనివాడి చీర మీద ఈ తప్పు పడదు" అని జవాబు రాశాడట. నెల తిరిగేసరికి "పేక"ను ఎంచుకున్నామని కాగితం వచ్చింది. ఒక షరతు పెట్టారు. శిక్షణ కేంద్రం పేక పంచుతోందని ఊళ్ళో అనుకోకుండా పేరు మార్చాలి. రాయుడు "పడుగుపేక" అని మార్చాడు. ఆనాడు మళ్ళీ బొబ్బట్లు పంచాడు. ఈసారి పోలమ్మక్క రెండు తింది.

హంసకు రెండో కాలు కూడా పెట్టాడు. మరునాడే బస్టాండు కొట్టువాళ్ళు గోలపెట్టారు, మా గిరాకీలు తపస్సు హంసే అడుగుతున్నారని. ఇప్పుడు అందులో రెండు నమూనాలు ఉన్నాయి: హంస, తపస్సు హంస. పోలమ్మక్కకు తిరిగొచ్చిన పెళ్ళిచీరను హరగోపాలం గారే తన చెల్లెలికని తీసుకున్నాడు.

మరి నా సంగతి? అబద్ధమాడిన పెట్టెను గుమ్మం మీద ఎవరుంచుతారు! నన్ను దించేసి, నేనున్న మేకుకే చెక్క మీద చెక్కించిన ఒంటికాలి హంసను తగిలించారు. ఇరవై ఎనిమిది పుల్లలు ఉండి, నెల్లూరులో డాక్టరు దగ్గర పనిచేసి, నాకు రాని పేరు ఒక కాలు లేకపోవడం వల్ల దానికి వచ్చింది. చుక్కల మీద ఉన్న ఈర్ష్యంతా మూట కట్టి హంసకు బదిలీ చేశాను.

పోలమ్మక్క నన్ను ఊరికే పోనివ్వలేదు. తన మగ్గానికి కట్టించింది. పేక పోగు ఒకటి పడినప్పుడల్లా నా అంకె ఒకటి పెరుగుతుంది. చీర సగం దాటాక తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభైతొమ్మిది నిండి నేను సున్నాకు వస్తాను. అప్పుడామె గోడ మీద ఒక సుద్దబొట్టు పెడుతుంది. మొన్న పదో బొట్టు పడింది. అంటే లక్ష దాటాను! ఒక్క పగట్లో కాదు, ఆరున్నర నెలల్లో. అందులో దొంగలెక్క ఒక్కటి లేదు, ప్రతి అంకెకూ ఒక పోగు ఉంది. అయినా ఎదురుగా గుమ్మం మీద ఆ హంస కనబడుతూనే ఉంటుంది. నా మంట ఆరలేదు, అబద్ధమెందుకు?

అబద్ధమంటే గుర్తొచ్చింది. ఇంతసేపూ ఓపికగా విన్నారు కాబట్టి, ఇందులో నేను కల్పించింది ఏదో చెప్పేస్తాను. బల్లి కాదు. బల్లి నిజమే, పాపం, ఆ మంట దాని తోకదే. చెంగల్రాయుడు ఒక్క క్షణం కూడా ఆగకుండా నిజం చెప్పాడన్నానే, అది కల్పించాను. ఆఫీసరు ఎనిమిదివేల ఎనిమిదివందల నలభై ఏడు అని రాసుకున్నాక, రాయుడు నోరు విప్పలేదు. టీ తెప్పించాడు. ఆయన తాగుతుంటే తను గ్లాసు చేత్తో పట్టుకుని నన్ను చూస్తూ నిలబడ్డాడు. చెప్పకు, చెప్పకు అని నేను పైనుంచి ప్రాధేయపడ్డాను. పోలమ్మక్క వచ్చి హంస కాలు అడిగి, నీ చేతులు పడిపోనూ అని తిట్టాకే, తను చేసింది ఎవరో ఒకరు వాడుతున్నారని తెలిశాకే, గ్లాసు కింద పెట్టి, "సార్, ఆ అంకె తప్పు" అన్నాడు.

అంతసేపూ నా మూల చుక్క మినుకుమంటూనే ఉంది. సెకనుకు ఒకసారి చొప్పున నూట తొంభై మూడు సార్లు. నా జన్మలో నా అంతట నేను ఒక్క పొరపాటూ లేకుండా లెక్కపెట్టింది అదొక్కటే. అది ఎవరికీ చూపించలేదు.